అమ్మకానికి రెండు మడత ఫోన్లు

మడత ఫోను కొనాలన్న కోరిక నాకు ఓడ మీద పుట్టింది.

హార్బర్ దగ్గర ఒక క్లియరింగ్ ఆఫీసులో నేను ఇరవై ఆరేళ్ళుగా గుమాస్తాని. ఓడలోంచి దిగిన సరుకూ దాని కాగితాలూ సరిపోయాయో లేదో చూడడం నా పని. ఒకప్పుడు ఆ కాగితాలు నిజంగా కాగితాలే. చంకలో ఫైలు, చెవి మీద పెన్సిలు పెట్టుకుని జెట్టీ మీద నిలబడితే సరిపోయేది. ఇప్పుడన్నీ ఫోన్లోకి వస్తున్నాయి. నలభై వరసల జాబితా అరచేతిలో పట్టే స్క్రీన్లో చీమల బారులా కనిపిస్తుంది. రెండు వేళ్ళతో సాగదీస్తే అంకె కనిపిస్తుంది, అది ఏ పెట్టెదో కనిపించదు. పక్కకి జరిపితే పెట్టె నంబరు కనిపిస్తుంది, అంకె పోతుంది. ఎండలో, క్రేను కింద, కళ్ళజోడు జారిపోతుండగా చెయ్యాల్సిన పని అది. ఓసారి అలాగే రెండు వరసలు కలిపి చదివి, తప్పు పెట్టె మీద సంతకం పెట్టాను. పెద్ద నష్టమేమీ జరగలేదు, మధ్యాహ్నానికల్లా సర్దుకుంది. కానీ ఆ సాయంత్రం ఇంటికొచ్చాక ఆ జాబితా తీసి మొదట్నుంచీ వరసవరసా మళ్ళీ చదువుకున్నాను.

ఆ తర్వాత కొద్ది రోజులకే ఒక ఓడ మీద నిలబడి ఉంటే, ఆ ఓడ ఆఫీసరొకాయన జేబులోంచి ఫోను తీసి పుస్తకం విప్పినట్టు విప్పాడు. మామూలు ఫోనులా ఉన్నది కాస్తా రెండింతలైంది. నలభై వరసలూ ఒక్కచోటే ఉన్నాయి. అంకె పక్కన పెట్టె, పెట్టె పక్కన బరువు, అన్నీ స్థిమితంగా కూర్చుని ఉన్నాయి. ఆయన చదువుకుని, టక్కున మూసి, మళ్ళీ జేబులో వేసుకున్నాడు. నేను ఓడ నిచ్చెన దిగుతూ మెట్టు తప్పబోయాను. యాభై మూడేళ్ళ వయసులో ఒక వస్తువు మీద అంత మనసు పడడం నాకే సిగ్గనిపించింది.

కొత్తది కొనే మాట లేదు. అది నా స్కూటరు కంటే ఖరీదు. వాడినది చూద్దామనుకున్నాను. మా ఆవిడ పెందుర్తిలో చిన్నపిల్లల బడిలో టీచరు. ఆవిడతో చెప్తే, పిల్లల నోటుబుక్కులు దిద్దుతూనే విన్నది.

"గేటు గడియకి నెలకోసారి నూనె రాస్తన్నాం. ఈ ఊరి గాలికి మడతలున్న వస్తువేదీ ఆగదు. ఫోను ఆగుద్దేటండి?" అంది.

సలహా కోసం గోపాలపట్నం మార్కెట్లో ఉన్న మా మెకానిక్ దగ్గరికి వెళ్ళాను.

మా మెకానిక్ అంటున్నాను గానీ, పదిహేనేళ్ళుగా ఒకరినొకరం బావా అని పిలుచుకుంటున్నాం. వాళ్ళది సముద్రం మీద వేటకెళ్ళే కుటుంబం. అన్నదమ్ములు ముగ్గురూ ఇప్పటికీ బోటెక్కుతారు. ఇతనికి మాత్రం మొదట్నుంచీ బోటు కంటే బోటులో ఉన్న రేడియో మీదే ధ్యాస. ఉప్పునీళ్ళు తాగిన వైర్‌లెస్ సెట్లు, జీపీఎస్‌లు, ఫోన్లు అన్నీ అతని బల్ల మీదకే వస్తాయి. మూత విప్పి ముక్కు దగ్గర పెట్టుకుని, ఇది సముద్రం నీళ్ళో, బకెట్లో నీళ్ళో చెప్పేస్తాడు. బోర్డు మీద పట్టిన పచ్చటి తుప్పుని పాత టూత్‌బ్రష్‌తో, పసిపాపకి నలుగు పెట్టినంత నెమ్మదిగా తీస్తాడు. పాడైన వస్తువు మీద అతను విసుక్కోవడం నేను ఎప్పుడూ చూడలేదు. విసుగంతా మనుషుల మీదే.

నేను చెప్పింది విని, చేతిలో స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టాడు.

"వొద్దు బావ."

"ఎందుకొద్దు?"

"నాను సెప్తన్నాను, ఇను. దాని లోపలి స్క్రీను అద్దం కాదు, మెత్తటి పొర. గోరు తగిలినా గీత పడిపోద్ది. మడతలోకి నలక ఎల్లిందంటే లోపల్నుంచి పొడుస్తాది. మనూళ్ళో ఓపక్క ఉప్పుగాలి, ఓపక్క హార్బరు బొగ్గు నల్లదుమ్ము. స్క్రీను పోయిందంటే, కొత్తదెయ్యడానికయ్యే కర్సుతో మామూలు ఫోన్లు రెండొస్తాయి. ఎవుడో వాడి ఒగ్గీసింది నీకెందుకు?"

అతను చెప్పిందంతా నిజమే. అయినా ఇంటికొచ్చి మళ్ళీ వెతకడం మొదలుపెట్టాను.

రెండు వారాల తర్వాత ఒక ప్రకటన కంటబడింది. ఒకే రకం మడత ఫోన్లు తమ దగ్గర రెండున్నాయని, ఒకటి అమ్ముతామని, ఏది కావాలో చూసుకుని తీసుకోవచ్చని దువ్వాడ నుంచి ఎవరో పెట్టారు. చివర్లో, కాల్ చెయ్యవద్దు, మెసేజ్ మాత్రమే అని ఉంది. నేను అలవాటు కొద్దీ కాల్ చేశాను. కట్ చేశారు. మళ్ళీ చేశాను. మళ్ళీ కట్ చేశారు. మూడోసారి కూడా అంతే. అప్పుడు మెసేజ్ వచ్చింది: "కాల్ వద్దు సార్. ఆదివారం పది గంటలకి ఇంటికి రండి." కింద ఇంటి దారి.

ఆ మెసేజ్ చూపిస్తే మెకానిక్ నవ్వాడు.

"ఫోనమ్మీవోడు ఫోనెత్తడేటి బావ? పైగా రెండున్నాయంట! ఒకేలాంటివి రెండెవుడి దగ్గరుంటాయి? ఎక్కడో కొట్టుకొచ్చిన సరుకది. నువ్వొక్కడివే ఎల్లకు. నానూ వస్తాను."

నాకూ అదే అనుమానం. కానీ మనసులో ఒక మూల, దొంగ సరుకు కాకపోతే బాగుండునన్న ఆశ. ఆదివారం ఇద్దరం నా స్కూటరు మీద దువ్వాడ వెళ్ళాం. అతను పనిముట్ల సంచి ఒళ్ళో పెట్టుకుని, మోసగాళ్ళ చేతుల్లో పడ్డ కస్టమర్ల కథలు దారిపొడవునా చెబుతూ వచ్చాడు. స్టేషను దాటాక కొత్తగా లేచిన ఇళ్ళ వరసలో, మేడ మీద రెండు గదుల వాటా. బెల్లు నొక్కితే మోత వినిపించలేదు. కిటికీలోంచి చూస్తే లోపల గోడ మీద ఎర్ర బల్బు ఒకటి వెలిగి ఆరింది. కరెంటు పోయిందనుకుని నేను మళ్ళీ నొక్కాను. మళ్ళీ బల్బే వెలిగింది. అప్పుడు తలుపు తెరుచుకుంది.

ముప్పై ఏళ్ళు నిండినట్టున్న ఒకామె, ఆమె వెనక భుజాలు బలంగా ఉన్న ఆమె భర్త. ఆమె మమ్మల్ని చూసి నవ్వి, తన చెవి చూపించి, చెయ్యి అడ్డంగా ఊపింది. భర్త చెవి చూపించి మళ్ళీ అలాగే ఊపింది. ఇద్దరికీ వినపడదు. పుట్టుకతోనే అని తర్వాత తెలిసింది.

నేను మూడుసార్లు కాల్ చేసినవాణ్ణి. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మా మెకానిక్ అయితే ఆ కంగారులో గొంతు పెంచేశాడు.

"అమ్మా! ఫోను! సూడ్డానికొచ్చినాం!" అని వీధంతా వినపడేలా అన్నాడు.

ఆమె మమ్మల్ని కూర్చోబెట్టి, మడత ఫోను ఒకటి తెచ్చి సగం తెరిచి బల్ల మీద పెట్టింది. అది చిన్న పలకలా తనంతట తాను నిలబడింది. కింది సగం మీద టైపు చేస్తుంటే పై సగం మీద పెద్ద అక్షరాలు కనిపించాయి: "అరవక్కర్లేదు అన్నా. ఎంత అరిచినా మాకు ఒకటే."

మెకానిక్ చదివి నాలుక కరుచుకున్నాడు. ఆమె భర్త భుజాలు కదిలేలా నవ్వాడు. దాంతో గదిలో బిగువు పోయింది.

ఆ పూటంతా మా మాటలు ఆ ఫోను మీదే సాగాయి. అమ్మే వస్తువు మీదే బేరం నడిచిన చోటు నేను ఇంకెక్కడా చూడలేదు. వినపడదని ప్రకటనలోనే రాయొచ్చు కదా అని అడిగాను. మొదట అలాగే రాశారట. జాలి పడేవాళ్ళూ, తెలివితక్కువవాళ్ళనుకుని సగం ధరకి అడిగేవాళ్ళూ ఎక్కువైపోయారట. అందుకని తీసేశారు.

"రెండెందుకు కొన్నారు?" అని నేను టైపు చేశాను.

ఆమె భర్త వంక చూసింది. అతను తల ఊపాక మొదలుపెట్టింది. అతను వెల్డరు. మూడేళ్ళు పడమటి తీరంలో ఓడలు బాగుచేసే యార్డులో పని చేశాడు. ఆమె ఇక్కడ, గాజువాక వైపు బట్టలు కుట్టే యూనిట్లో. "మేము చేతులతో మాట్లాడుకుంటాం. వీడియో కాల్‌లో మామూలు ఫోను పట్టుకుంటే ఒక చెయ్యి పోతుంది. ఒక చేత్తో మాట్లాడితే సగం మాటే. గోడకి ఆనిస్తే జారిపోతుంది. ఇది నిలబడుతుంది. అందుకే ఇద్దరికీ ఒకటే రకం కొన్నాడు. ఇప్పుడు ఇక్కడే వెల్డింగ్ షెడ్డులో పని దొరికింది. ఇంటికి వచ్చేశాడు. ఒకటి చాలు."

నేను ఆ చివరి రెండు మాటలూ మళ్ళీ చదివాను. అప్పటిదాకా మడత ఫోనంటే పెద్ద స్క్రీను జేబులో పట్టే ఉపాయం అని మాత్రమే నాకు తెలుసు. అది నిలబడడం ఒక పెద్ద సంగతని, దానివల్ల మూడేళ్ళపాటు ఇద్దరు మనుషులకి రెండు చేతులూ మిగిలాయని నాకు తట్టే అవకాశమే లేదు.

ఆమె రెండో ఫోను కూడా తెచ్చి పక్కన పెట్టింది. రెండింటి కిందా రెండు కాగితాలు మడిచి పెట్టింది. మా మెకానిక్ కాగితాలు పట్టించుకోలేదు. వస్తువు చేతికొస్తే అతనికి ఇంక వేరే ధ్యాస ఉండదు. ముందు ఆమె ఫోను తీసుకుని దీపం కింద తిప్పి తిప్పి చూశాడు. స్క్రీను మీద తెల్లరంగు పెట్టి, నల్లరంగు పెట్టి వెలగని చుక్కలేమైనా ఉన్నాయేమో వెతికాడు. మధ్యలో మడత గీతని వేలితో తడిమాడు. బాగుందని తల ఊపాడు. తర్వాత భర్త ఫోను తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని నెమ్మదిగా తెరిచాడు, మూశాడు. మళ్ళీ తెరిచాడు. అతని మొహం మారింది.

"బావ, ఇను," అని నా చెవి దగ్గర పెట్టాడు.

సన్నటి చప్పుడు. అన్నంలో రాయి పంటి కింద పడ్డట్టు, కిర్రుమని.

"మడతలో నలకుంది. ఈలకి ఇనపడదు కాబట్టి తెలీదు. పాపం, ఎలగ సెప్తాం ఇప్పుడు?" అన్నాడు గొంతు తగ్గించి, ఆ గదిలో వినేవాళ్ళెవరో ఉన్నట్టు.

నేను ఆ ఫోను కింద ఉన్న కాగితం తీశాను. గుండ్రటి అక్షరాలతో, పరీక్ష రాసినంత శ్రద్ధగా ఉంది. "యార్డులో వాడినది. వెనక గీతలు ఉన్నాయి. బ్యాటరీ సాయంత్రం వరకు వస్తుంది. స్పీకరు పని చేస్తుందో లేదో మాకు తెలియదు, మీరే చూసుకోండి. మడతలో ఇసుక ఉంది. వేలికి తెలుస్తోంది."

కాగితం మెకానిక్‌కి ఇచ్చాను. చివరి వాక్యం దగ్గర అతని చూపు ఆగిపోయింది. రెండుసార్లు చదివి, ఎలాగ అన్నట్టు ఆమె భర్త వంక చూశాడు. అతను లేచొచ్చి, మెకానిక్ చూపుడువేలు పట్టుకుని మడత వెనక ఆనించి, ఫోను చాలా నెమ్మదిగా తెరిచాడు. మెకానిక్ ఏమీ తెలియడం లేదని తల ఊపాడు. అతను కళ్ళు మూసుకోమని సైగ చేశాడు. మెకానిక్ కళ్ళు మూసుకున్నాడు. ఈసారి మడత మూడొంతులు తెరుచుకున్నాక అతని కనుబొమ్మలు పైకి లేచాయి.

"ఉంది బావ. ఇక్కడుంది. నా సెవి సెప్పింది ఈయన వేలు ముందే సెప్పీసింది," అన్నాడు. ఇరవై ఏళ్ళుగా మరల్లో తేడాలు చెవితో పట్టేవాడు ఆ మాట అనడం నాకు పెద్ద విశేషంగా తోచింది.

అప్పుడే అసలు తగువు మొదలైంది. మాతో కాదు, వాళ్ళిద్దరికీ. ఏ ఫోను మాకివ్వాలన్నది. మాటలు లేవు గానీ తగువని తెలుస్తూనే ఉంది. ఆమె తన ఫోను నా వైపు జరిపింది. అతను దాన్ని వెనక్కి లాగి తనది జరిపాడు. ఆమె చేతులు గబగబా కదిలాయి, వేళ్ళు విచ్చుకున్నాయి, ముడుచుకున్నాయి, అరచెయ్యి ఛాతీ మీద తట్టింది. అతను రెండు చేతులూ అడ్డంగా ఊపి, ఒక్క వేలుతో ఆమెని చూపించాడు. ఆమె కళ్ళు పెద్దవి చేసింది. నా జీవితంలో అంత వేగంగా, అంత స్పష్టంగా జరిగిన వాదన చూడలేదు. ఒకరు మాట్లాడుతుంటే రెండోవాళ్ళు కళ్ళు తిప్పుకోవడానికి వీల్లేదు. కళ్ళు తిప్పుకుంటే మాట పోతుంది. ఎంత కోపమొచ్చినా ఒకరి మొహం ఒకరు చూస్తూనే దెబ్బలాడాలి. అరగంట సేపు నోరు మూసుకుని కూర్చున్న మా మెకానిక్‌ని కూడా మొదటిసారి అప్పుడే చూశాను.

చివరికి ఆమె టైపు చేసి చెప్పింది. కొనేవాళ్ళకి మంచిదే ఇవ్వాలని ఆమె పట్టు. ఇంట్లో ఆమె దగ్గర మంచిదే ఉండాలని అతని పట్టు. తనది అమ్మితే, ఇసుక ఉందని చెప్పి ధర తగ్గించి అమ్ముదామంటాడు. చెప్పినా సరే, పాడైనది ఇంకొకరికి అంటగట్టకూడదంటుంది ఆమె.

నాకు ఏది అడగాలో తెలియలేదు. మంచిది అడిగితే ఆమె దగ్గర్నుంచి లాక్కున్నట్టు. ఇసుకది అడిగితే తెలిసి తెలిసి గోతిలో కాలు పెట్టినట్టు. వారం గడువడిగి బయటపడ్డాం.

తిరుగు దారిలో మెకానిక్ కథలేమీ చెప్పలేదు. గోపాలపట్నం మలుపు దగ్గర బండి ఆపమన్నాడు.

"బావ, ఆ నలకున్న ఫోను నాకోసారిత్తారేటి? మడత ఇప్పి సూడాలనుంది. డబ్బులొద్దు. ఎప్పుడూ ఇప్పనేదు. పాడైతే పాడౌద్దని ఆలకి ముందే సెప్పీ."

వాళ్ళకి మెసేజ్ పెట్టాను. సాయంత్రానికి ఆమె భర్త దగ్గర్నుంచి జవాబొచ్చింది: "ఇస్తాను. పక్కన నేను కూర్చోవాలి."

ఆ వారమంతా నేను ఊగిసలాడాను. జెట్టీ మీద నిలబడి చిన్న స్క్రీన్లో వరసలు వెతుక్కునేటప్పుడు కొనెయ్యాలనిపించేది. ఆఫీసు కిటికీ మీద దుమ్ము తుడిచేటప్పుడు వద్దనిపించేది. మా ఆవిడకి జరిగినదంతా చెప్పాను. ఎర్ర బల్బు దగ్గర్నుంచి చెప్పాను. ఆవిడ కలం పక్కన పెట్టి విన్నది.

"స్పీకరు పన్జేస్తందో లేదో మాకు తెలీదని రాసిచ్చినారా?" అని మళ్ళీ అడిగింది. నోటుబుక్కు మూసి, "కొంతారో మానేస్తారో మీ ఇష్టం. ఆ కాగితం మాత్రం ఓసారి నాకు సూపించండి. తప్పు ఎలగ ఒప్పుకోవాలో మా బళ్ళో పెద్దోళ్ళకి సూపిస్తాను," అంది. పెద్దోళ్ళంటే సాటి టీచర్లు.

ఆ తర్వాతి ఆదివారం పొద్దున్నే దువ్వాడ దంపతులు గోపాలపట్నం దుకాణానికి వచ్చారు. షట్టరు సగం దించి, పెద్ద దీపం వెలిగించి, మెకానిక్ పని మొదలుపెట్టాడు. వెల్డరు అతని కుడిపక్కన ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. ఆమె, నేను బల్లకి ఇవతల. స్క్రీను ఊడదీయడం ప్రమాదమని, మడత రెండు చివర్లా ఉన్న మూతలు మాత్రమే తీస్తానని మెకానిక్ ముందే చెప్పాడు. వేడిగాలి పట్టి, సన్నటి ప్లాస్టిక్ రేకుతో ఆ మూతలు ఊడదీసేసరికి గంట పట్టింది. భూతద్దంలోంచి చూస్తే లోపల, పళ్ళచక్రాల పక్కన, నల్లటి నలకలు. గాలి బుడ్డితో ఊదాడు. కదల్లేదు. మెత్తటి బ్రష్షుతో గీకాడు. పక్కకి వంగి, బ్రష్షు తియ్యగానే మళ్ళీ అక్కడికే వచ్చాయి.

"ఇదేటి బావ! ఇసుకైతే ఈపాటికి ఎగిరిపోవాల. దీనికేటో పట్టుదలున్నాది," అన్నాడు. చెమట తుడుచుకుని మళ్ళీ ఊదాడు. మళ్ళీ అంతే.

వెల్డరు అప్పటిదాకా కదలకుండా చూస్తున్నాడు. మెకానిక్ చెయ్యి మీద తట్టి ఆపి, భూతద్దం తన వైపు తిప్పుకుని చాలాసేపు చూశాడు. తర్వాత జేబులోంచి ఆ రోజు ఫోను కింద పెట్టిన కాగితాన్ని తీశాడు. ఇసుక అన్న మాట కొట్టేసి, పైన ఇనుము అని రాసి మా ముందు పెట్టాడు. కింద ఇంకో వరస రాశాడు: "గ్రైండింగ్ పొడి. నాది తప్పు. ఇసుక అనుకున్నాను."

మెకానిక్ నుదురు కొట్టుకున్నాడు. ఫోను రెండు సగాలూ మూసినప్పుడు అంటుకుని ఉండడానికి లోపల అయస్కాంతాలుంటాయి. యార్డులో ఎగిరిన ఇనుప పొడిని ఆ ఫోను తనే పిలిచి లోపల కూర్చోబెట్టుకుంది. ఊదితే ఎలా పోతుంది?

ఆ తర్వాత ఆ ఇద్దరూ ఒకరికొకరు ఏమీ చెప్పుకోవలసిన అవసరమే రాలేదు. మెకానిక్ ఒక పాత స్పీకరు పగలగొట్టి అందులోంచి అయస్కాంతం తీశాడు. వెల్డరు కుట్టుసూది కావాలని సైగ చేస్తే, భార్య తన సంచిలోంచి తీసిచ్చింది. సూదిని అయస్కాంతం మీద ఒకే వైపుకి పాతికసార్లు రుద్దాడు. ఎర్రటి నిప్పుల వానలో పని చేసే చేతులు అవి. మణికట్టు దాకా కాలిన మచ్చలున్నాయి. ఆ చేతులతో సూదిమొనని మడతలోకి దించి, ఎక్కడా ఆనకుండా, ఒక్కో నలకనీ అంటించుకుని పైకి తీశాడు. మెకానిక్ తెల్లకాగితం పట్టుకుంటే దాని మీద దులిపాడు. మళ్ళీ దించాడు. అతను ఊపిరి బిగబట్టినప్పుడల్లా మేమూ బిగబట్టేవాళ్ళం. బయట మార్కెట్లో ఆటోలు, బేరాలు, కేకలు. అవేవీ ఆ బల్ల దాకా రానట్టే ఉంది. ఎప్పుడూ పనివాళ్ళ మధ్యే ఉండే నాకు పనితనం కొత్త కాదు. క్రేనుతో గుడ్డు కూడా పగలకుండా దించగలిగినవాళ్ళని చూశాను. అయినా ఆ మధ్యాహ్నం చూసినంత తదేకంగా ఇంకెప్పుడూ చూడలేదు.

కాగితం మీద చిటికెడు నల్లపొడి చేరాక, మెకానిక్ ఫోను చెవి దగ్గర పెట్టుకుని తెరిచి మూశాడు. మొహం వికసించింది.

"అయిపోనాది! సప్పుడే నేదు. ఇనుకో బావ."

నేనూ విన్నాను. పట్టు మడత విప్పినట్టుంది. కిర్రుమన్న చప్పుడు లేనేలేదు.

వెల్డరు ఫోను తీసుకుని, కళ్ళు మూసుకుని, చూపుడువేలు మడత మీద ఆనించి తెరిచాడు. ఒక వేలు పైకెత్తి చూపించాడు. ఇంకొకటి ఉంది.

"నేదన్నా! నాను ఇన్నాను కదేటి," అన్నాడు మెకానిక్, అతనికి వినపడదన్న సంగతి మళ్ళీ మరిచిపోయి.

వెల్డరు సూదిని ఇంకోసారి రుద్దాడు. ఎడమ చివర మూత పక్కన, భూతద్దానికి కూడా అందని చోట దించి, కాస్త తిప్పి, పైకి తీశాడు. సూదిమొన మీద గసగసాల గింజలో పావు వంతు కూడా లేని నలక ఒకటి వేలాడుతోంది. దాన్ని కాగితం మీద దులిపాడు. మెకానిక్ ఆ కాగితం వంక, ఆయన వేలు వంక చూసి, లేచి నిలబడి రెండు చేతులూ జోడించాడు. వేళాకోళంగా కాదు. వెల్డరు సిగ్గుపడి ఆ చేతులు పట్టుకుని కిందికి దించాడు. భార్య మొహంలో ఆ క్షణం కనిపించిన గర్వాన్ని నేను చాలాకాలం మరిచిపోను.

మూతలు బిగించాక మెకానిక్ నా వైపు తిరిగాడు. స్నేహం స్నేహమే, సంగతి సంగతే అతనికి.

"సూడు బావ. బాగైంది. అయితే మూతలు ఇప్పినాం కాబట్టి నీళ్ళు తగలకూడదు. దుమ్ములో తెరిసి పెట్టకు. ఎన్నాళ్ళొస్తాదో నాను సెప్పలేను. ఏడాదో, నాలుగేళ్ళో."

అప్పుడు నేను నిర్ణయించుకున్నాను. జాలితో కొన్నానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఆ ఇద్దరి దగ్గరా జాలి పడవలసినదేమీ లేదు. వాడిన వస్తువు కొనడమంటే అది ఎవరి చేతిలో ఉండి వచ్చిందో ఆ చేతిని నమ్మడమే. ఆ చేతిని నేను నాలుగు గంటలు ఎదురుగా కూర్చుని చూశాను. బాగుచేసిన ఫోనే కావాలని టైపు చేశాను. ఆమె వెంటనే తలూపలేదు. మెకానిక్‌ని ఇంకోసారి చూడమంది. అతను చూసి బొటనవేలు ఎత్తాకే ఒప్పుకుంది. బేరమాడలేదు. ప్రకటనలో పెట్టిన ధర సబబుగానే ఉంది.

ఇచ్చే ముందు అందులో ఉన్నదంతా చెరిపెయ్యాలి. ఫోటోలు ముందే తీసి పెట్టుకున్నారు. మిగిలింది వీడియో కాల్స్ జాబితా. ఆమె పేరు మీద, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, మూడేళ్ళవి. అతను దాన్ని వేలితో పైకి తోస్తూ పోతే ఎంతకీ అయిపోవడం లేదు. చెరిపే బొత్తాం దగ్గర అతని వేలు ఆగింది. ఆమె అతని చెయ్యి పక్కకి జరిపి, తనే నొక్కేసింది. ఏమనుకున్నానో నా మొహంలో తెలిసినట్టుంది. తన ఫోను తెరిచి టైపు చేసి నాకు చూపించింది: "మనిషి ఎదురుగా ఉన్నాడు కదా సార్."

ఇది జరిగి ఎనిమిది నెలలైంది. ఫోను పని చేస్తోంది. మడత గీత ఎండలో కొంచెం ఎక్కువ కనిపిస్తోంది. వాన పడితే చొక్కా లోపల దాచుకుంటున్నాను. కళ్ళజోడు జారినా వరసలు కలవడం లేదు. మా ఆవిడ ఒకటి రెండుసార్లు దాన్ని అడిగి తీసుకుని, సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని వారపత్రిక చదివింది. నచ్చిందని మాత్రం అనలేదు.

గోపాలపట్నం దుకాణంలో ఆదివారాలు రెండో పీట వేస్తున్నారు. మడతల పని ఏదొచ్చినా మా మెకానిక్ ఆదివారం దాకా ఆపి, దువ్వాడకి ఫోటో పంపిస్తాడు. వెల్డరు వచ్చి కూర్చుంటాడు. మెకానిక్ ఇప్పటికి ముప్పై దాకా సైగలు నేర్చుకున్నాడు. మొన్న నేను వెళ్ళేసరికి ఇద్దరూ ఒక తడిసిన జీపీఎస్ మీద తల వంచి ఉన్నారు. మెకానిక్ చేతులతో ఏదో చెబుతున్నాడు, నోటితోనూ చెబుతూనే ఉన్నాడు. వెల్డరు అతని సైగ తప్పని వేలు పట్టుకుని సరిదిద్దుతున్నాడు.